మజిలీలో పొయ్యి వెలిగించింది ఎవరు?

ఊరెళ్ళి వచ్చినవాళ్ళని ఒకసారి కదిపి చూడండి. కొండ ఎంత ఎత్తు, గుడి ఎంత పాతది అని మొదలుపెడతారు గానీ, రెండు నిమిషాల్లో మాట తిండి మీదికీ పడక మీదికీ దిగిపోతుంది. "చీకటి పడ్డాక చేరాం వదినా, ఎవరో మహాతల్లి, అంత రాత్రివేళ లేచి పొయ్యి వెలిగించి ఇన్ని బియ్యం పడేసింది" అంటారు. ఆ మహాతల్లి పేరేమిటని అడగండి. చెప్పలేరు. కొండ ఎత్తు మాత్రం అడుగులతో సహా గుర్తుంటుంది.

ఈ సంగతి నాకు నేనుగా తట్టలేదు. ఒకావిడ తట్టించింది.

మా చోడవరంలో కిందటేడు నా నవల మీద ఓ చిన్న సభ జరిగింది. సభ అంటే పెద్దగా ఊహించుకోకండి. పాతికమంది మనుషులు, ప్లాస్టిక్ కుర్చీలు, ఆఖర్న ఉప్మా. వక్తలు మంచిమాటలే చెప్పారు. ఆ నవలలో కథానాయిక విశాఖపట్నంలో కాలేజీ పాఠాలు చెప్పుకునే అమ్మాయి. మనసు బాగోక కొండల్లో కాలినడకన తిరుగుతుంది. నాలుగో రోజున కాళ్ళు బొబ్బలెక్కి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, పది గడపలున్న ఓ కొండపల్లెలో పడిపోతుంది. ఒక ముసలామె గుడిసెలో రెండు రాత్రులుండి, ఆవిడ పోసిన చోడి అంబలి తాగి, కోలుకుని, జీవితమంటే ఏమిటో తెలుసుకుని బస్సెక్కేస్తుంది. ఆ ఘట్టమే నవలకి ప్రాణమన్నారు ఇద్దరు వక్తలు. నేనూ అలాగే అనుకుని మురిసిపోయాను.

ఉప్మా తింటూంటే ఒకావిడ వచ్చి పక్కన కూచుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పాడేరు అవతల కొండమీద ఊరు, ఇక్కడికి దగ్గర్లో బడిలో పంతులమ్మ. "మీ పుస్తకం రెండుసార్లు చదివానండీ" అంది. నేను పొంగిపోయే లోపలే, చాలా మామూలుగా అడిగింది: "ఆ ముసలమ్మ ఇంట్లో అంబలి తాగి వెళ్ళిపోయిన పిల్ల, తర్వాత ఎప్పుడైనా ఓ ఉత్తరం ముక్క రాసిందా అండీ?"

ఉప్మా గొంతుకి అడ్డం పడింది. రాయలేదు. నా కథానాయికే కాదు, నేనూ ఆవిణ్ణి మళ్ళీ తలుచుకోలేదు. మూడువందల పేజీల నవలలో ఆ ముసలమ్మకి పేరైనా పెట్టలేదు. వాకిట్లో తులసిమొక్కని వర్ణించాను, చూరుకి వేలాడిన మొక్కజొన్న పొత్తుల్ని వర్ణించాను, ఆవిడ ముఖంలోని ముడతల్ని ఏకంగా పేరా నిండా వర్ణించాను. పేరు అడగాలని తోచలేదు.

ఇంటికొచ్చి పుస్తకాల బీరువా ముందు కూచున్నాను. నేనొక్కదాన్నేనా ఇలా చేసింది, మన పెద్దలూ చేశారా అని చూడాలనిపించింది. తప్పు చేసినవాళ్ళు తోడు వెతుక్కోవడం మామూలే కదా!

ముందు ఆ మాట సంగతి చూడండి. మజిలీ అన్నది పుట్టుకతో తెలుగుమాట కాదు. అరబ్బీలో మంజిల్ అని ఉంది; అది చేతులు మారి మారి మనింటికొచ్చి మజిలీ అయింది. ఒకరోజు నడవగలిగే దూరమూ మజిలీయే, ఆ దూరం చివర ఆగే చోటూ మజిలీయే. అంటే ఆ మాట నడిచేవాడి కాళ్ళలోంచి పుట్టింది. అక్కడ పుట్టి, అక్కడే పెళ్ళాడి, అక్కడే పిల్లల్ని కన్న మనిషి తన ఊరిని మజిలీ అనదు. ఇల్లు అంటుంది. నా తప్పంతా ఈ రెండు మాటల మధ్యనే ఉందని తర్వాత తెలిసింది.

మన తెలుగువాళ్ళ నడకల్లో పెద్ద నడక శ్రీశైలం నడక. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమే దానికోసం పెట్టాడు. శివరాత్రికి కొండకెళ్ళే జనం, వాళ్ళ ఆటలు, పాటలు, మొక్కులు అన్నీ అందులో ఉన్నాయి. పధ్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఆ కొండకి మెట్లు కట్టించాడు. ఇప్పుడు బస్సులున్నాయి, ఘాట్ రోడ్డుంది. అయినా శివరాత్రికీ ఉగాదికీ వేలమంది, అందులో కన్నడదేశం నుంచి వచ్చే భక్తులెందరో, నల్లమల అడవిలో కాలినడకనే వెళ్తున్నారు. ఆత్మకూరు వైపునుంచి వెళ్ళేవాళ్ళకి నాగలూటి, ఆ తర్వాత పెద్దచెరువు, ఆ తర్వాత భీముని కొలను లోయ, అది ఎక్కితే కైలాసద్వారం. వాటిలో పెద్దచెరువు చెంచుల గూడెం. చుట్టూ పులులు తిరిగే అడవి. యాత్రికుడికి అదొక రాత్రి మజిలీ.

1830లో ఆ దారినే వెళ్ళాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన మనిషి. ఆ యేడు మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా చూసుకుని, తిరుగుదారిలో మన విశాఖ తీరం మీదుగానే దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాస్తూ వచ్చాడు. వీరాస్వామయ్య 1836లో పోయాక, 1838లో ఆ స్నేహితుడే వాటిని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు. దాన్ని దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో మళ్ళీ అచ్చుకి సిద్ధం చేయబట్టే మనదాకా వచ్చింది.

ఈ పుస్తకాన్ని ఇదివరకు రెండుసార్లు చదివాను. రెండుసార్లూ విసుక్కున్నాను, దాచడమెందుకు! ఫలానా ఊరు ఇన్ని ఆమడలు. నీళ్ళు మంచివి. అంగళ్ళున్నాయి, లేవు. దిగడానికి వసతి ఉంది, లేదు. ఇదే వరస. చాకలిపద్దులా ఉందనుకున్నాను. ఈసారి పంతులమ్మ ప్రశ్న పక్కన పెట్టుకుని చదివితే, నేను విసుక్కున్న చోటే ఆయన గొప్పతనం కనిపించింది. ఆయన తన అలసట గురించి రాసుకోలేదు. వెనకాల వచ్చేవాళ్ళ గురించి రాశాడు. రేపు ఇంకెవరో ఈ దారిన వస్తారు, వాళ్ళకి నీళ్ళెక్కడో తెలియాలి, బియ్యం ఎక్కడ కొనుక్కోవాలో తెలియాలి. పెళ్ళివారు దిగబోయే విడిదింటిని ముందురోజే చూసొచ్చి, బావికి తాడుందా, గదికి గడియుందా అని చెప్పే మేనమామ ఉంటాడే, అలాంటివాడు వీరాస్వామయ్య. వర్ణనలు దంచిన నాకంటే ఆయనే నయం.

కానీ ఒక్కటి. ఇన్ని మజిలీల్లో అంగడి ఉంది, చెరువు ఉంది, చావడి ఉంది, కులాల లెక్క ఉంది. పుస్తకం మూసి కళ్ళు మూసుకుంటే, వాకిట్లో నిలబడి "ఎక్కణ్ణించి నాయనా?" అని అడిగిన ఒక్క ఆడమనిషి ముఖం నాకు గుర్తుకి రాదు. నీళ్ళు మంచివని రాశాడు. తోడి ఇచ్చిన చెయ్యి ఎవరిదో రాయలేదు. దుబాసీ అంటే ఇద్దరి మాటలూ తెలిసినవాడు. కోర్టులో తెల్లదొరకీ నల్లమనిషికీ నడుమ నిలబడి మాట కలిపినవాడికి, మజిలీలో మాత్రం ఇంటిమనిషి మాట వినపడలేదా? వినపడే ఉంటుంది. రాయదగ్గదని తోచి ఉండదు. 1830లో తోచలేదంటే అర్థం చేసుకోవచ్చు. ఇప్పుడు నాకెందుకు తోచలేదో చెప్పడమే కష్టం.

తర్వాత తీసింది కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి పన్నెండు భాగాలు. మన అమ్మమ్మల కాలంలో మధ్యాహ్నం పూట భోజనాలయ్యాక ఒకరు చదువుతూంటే పదిమంది విన్న పుస్తకం. పాతాళభైరవి సినిమాకి మూలం ఇందులోదే అంటారు. కాశీకి పోవడమూ కాటికి పోవడమూ ఒకటే అనుకునే రోజుల్లో మణిసిద్ధుడనే ఆయనకి నడకలో తోడు కావలసొచ్చింది. పశువులు కాసుకునే కుర్రాడొకడు ఒప్పుకున్నాడు. ఊరికే కాదు, ప్రతి మజిలీలోనూ తనకో కథ చెప్పాలని షరతు పెట్టి! నాకు ఆ షరతు ఎంతో ఇష్టం. చదువుకున్నాయనకి పుణ్యం కావాలి, చదువులేని కుర్రాడికి కథ కావాలి. ఆ కుర్రాడు మజిలీ చేరగానే కాళ్ళు బారజాపుకుని కూచోడు. ఊరు తిరిగొస్తాడు. ఏదో వింత చూసొచ్చి, ఇదేమిటి, దీని సంగతేమిటి అంటాడు. పన్నెండు భాగాల పుస్తకం కదలడానికి ఆ కుర్రాడి ప్రశ్నే ఇరుసు.

ఇన్నాళ్ళూ ఇక్కడితో ఆగి మెచ్చుకునేదాన్ని. ఈసారి ఇంకో అడుగు ముందుకేశాను. కుర్రాడు వింత చూసింది ఊళ్ళో. కథ వచ్చింది మాత్రం ఊళ్ళోంచి కాదు. మణిసిద్ధుడి దగ్గర ఒక మణి ఉంది. అందులోంచి ఆయనకి జరిగినదంతా తెలిసిపోతుంది. ఇంక ఊరివాళ్ళతో పనేముంది? ఊరు ప్రశ్న ఇస్తుంది, మణి జవాబిస్తుంది. ఆ ఊళ్ళో ఆ రాతిబొమ్మ పక్కనే కాపురముంటున్న ఇల్లాలు తన కథ తానే చెప్పే అవకాశం ఎప్పటికీ రాదు. రాత్రికి కథ పూర్తవుతుంది, తెల్లారితే మూట కట్టేస్తారు.

రచయితలందరి దగ్గరా అలాంటి మణి ఒకటుంటుంది. ఇంటికొచ్చి బల్లముందు కూచుని అందులోకి చూసి, "ఆ ముసలామె కళ్ళలో వెయ్యేళ్ళ వేదన" అని రాసేస్తాం. ఆవిడ కళ్ళకి శుక్లాలు వచ్చాయేమో, ఆపరేషనుకి తీసుకెళ్ళేవాళ్ళు లేరేమో, అడిగామా?

మనవాళ్ళే ఇలానా అని పక్కదేశంలోకి తొంగిచూశాను. జపానులో బషో అనే కవి 1689లో సోరా అనే శిష్యుణ్ణి వెంటబెట్టుకుని నెలల తరబడి ఉత్తరదేశమంతా నడిచాడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ప్రపంచమంతా చదువుతుంది. ఒకచోట కొండల్లో గాలివానకి చిక్కుకుని, సరిహద్దు కాపలావాడి ఇంట్లో మూడురోజులు పడుంటాడు. నల్లులు, పేలు, తలగడ పక్కన గుర్రం. అదంతా నవ్వుతూ రాసుకున్నాడు. ఇంకోచోట, ఇచిబురి అనే మజిలీలో, అలసిపోయి పెందరాళే పడుకుంటాడు. పక్కగదిలోంచి ఆడవాళ్ళ మాటలు వినిపిస్తాయి. ఇద్దరు వేశ్యలు ఇసే అనే పుణ్యక్షేత్రానికి పోతున్నారు. అక్కడిదాకా దిగబెట్టడానికి వచ్చిన ముసలాయన తెల్లారి తిరిగి వెళ్ళిపోతాడు. ఆయన చేతికి ఇవ్వడానికి ఇంటికి ఉత్తరాలు రాసుకుంటూ తమ బతుకు తలుచుకుంటున్నారు. పొద్దున్నే వాళ్ళు కవి దగ్గరికొచ్చి, దారి తెలీదు, మీ వెనకాల కాస్త ఎడంగా నడిచి వస్తాం అని కన్నీళ్ళు పెట్టుకుంటారు. మేం చాలాచోట్ల ఆగుతాం, దేవుడే మిమ్మల్ని చేరుస్తాడు అని ఆయన వెళ్ళిపోతాడు. వెళ్ళిపోయాడు గానీ, మనసు మాత్రం వాళ్ళ దగ్గరే కొంతసేపు ఉండిపోయిందని రాశాడు.

తమాషా ఏమిటంటే, సోరా కూడా ఆ ప్రయాణంలో దినచర్య రాసుకున్నాడు. అది 1943లో అచ్చయింది. అందులో ఈ ఆడవాళ్ళ ఊసే లేదు. అందుకని బషో ఆ ఘట్టం కల్పించి ఉంటాడని పండితులు చాలామంది అంటారు. కల్పనే అనుకుందాం. అయితే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. మజిలీ అంటే తన నిద్రా తన దోమలే కాదని, గోడ అవతల ఇంకొకరి రాత్రి కూడా అక్కడే గడుస్తోందని ఆయనకి తెలుసు. జరగనిదైనా రాశాడు. మనం జరిగినది కూడా రాయలేదు.

ఇప్పటివాళ్ళ సంగతంటారా? ఈమధ్య పిల్లలు వీపుకి సంచులు తగిలించుకుని అడవులూ కొండలూ నడుస్తున్నారు. సంతోషం. మన ఆడపిల్లలూ వెళ్తున్నారు. ఇంకా సంతోషం. వచ్చి రాస్తున్నారు కూడా. ఆ రాతల్లో ఒక వాక్యం మాత్రం పొట్టలో నొప్పిలా పదే పదే వస్తుంది: "కొండజనం ఎంతో అమాయకులు, కల్లాకపటం తెలియనివాళ్ళు." ఒక్కరాత్రి అతిథిగా ఉండి, ఒక పల్లె మొత్తానికి మంచివాళ్ళని సర్టిఫికెట్ ఇచ్చేయడమన్నమాట! మన ఇంటికి చుట్టం వచ్చి ఒకపూట భోంచేసి "ఈ ఇంట్లో అందరూ అమాయకులు" అని రాసిపోతే మనకెలా ఉంటుంది? అత్తాకోడళ్ళిద్దరమూ పడీపడీ నవ్వుకోమూ! కొండమీది ఇంట్లోనూ అత్తా కోడలూ ఉంటారు. అంబలి అతిథికి పోసేస్తే రాత్రికి పిల్లలకేమిటని వంటింటి మూల గుసగుసలుంటాయి. అది రాస్తే వాళ్ళ మంచితనం తగ్గదు. ఉన్నదాంట్లోంచి తీసి పెట్టారని అప్పుడే తెలుస్తుంది.

ఇంతవరకూ పుస్తకాల మీద తీర్పు చెప్పాను. ఇప్పుడు నా మీద చెప్పుకోవాలి.

మా చోడవరం కూడా ఒక మజిలీయే. మ్యాపులో చూస్తే ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. వడ్డాది, మాడుగుల దాటి ఘాట్ ఎక్కితే పాడేరు. కొండమీంచి దిగి వచ్చేవాళ్ళు కావిళ్ళలో పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు తెచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ నా చిన్నప్పుడు మా వీధి అరుగు మీద ఆగేది. బుట్ట దించి, మెడ ఒకసారి ఇటూ అటూ తిప్పి, "అమ్మా, కాసిన్ని నీళ్ళు" అనేది. మా మామ్మ చెంబుతో వచ్చేది. ఆవిడ రెండు చేతులూ కలిపి దోసిలి పట్టేది. మామ్మ పైనుంచి పోసేది. చెంబుకీ దోసిలికీ మధ్య జానెడు ఖాళీ.

మామ్మ చెడ్డమనిషి కాదు. ఆ మనిషి రెండు వారాలు కనబడకపోతే వచ్చినవాళ్ళందరినీ వాకబు చేసింది. మోకాళ్ళ నొప్పికి నూనె ఇచ్చింది. మిగిలిన పులిహోర ఆకులో కట్టి ఇచ్చింది. కానీ ఆ జానెడు ఖాళీ మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. పేరు కూడా మామ్మకి తెలీదు. "ఏమే కొండమ్మా" అనేది. కొండ దిగి వచ్చిన ప్రతి ఆడదీ మా ఇంట్లో కొండమ్మే.

నా నవలలో ఏం చేశానో చూడండి. మా అరుగు మీద దోసిలి పట్టిన మనిషి ఇంటికే నా కథానాయికని పంపాను. ఆవిడ తన సొంత గిన్నెలో అంబలి పోసి ఇచ్చింది. తన చాప ఇచ్చింది. జానెడు ఖాళీ పెట్టలేదు. ఆ రెండు మజిలీలూ పక్కపక్కన పెట్టి రాసి ఉంటే అది కథ అయ్యేది. అరుగు సంగతి దాచేసి, గుడిసె సంగతి మాత్రం రాశాను. అందుకే ఆ ఘట్టం తియ్యగా వచ్చింది. అందుకే అందరికీ నచ్చింది. నచ్చిందనే ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అందుచేత ప్రయాణాల పుస్తకం దేన్నైనా తూచడానికి నేనొక రాయి పెట్టుకున్నాను. మీరూ కావాలంటే వాడుకోండి. కొండని ఎలా వర్ణించారని చూడను. ఆగినచోట ఇంటిమనిషి, అతిథి వెళ్ళిపోయాక ఏం చేసిందో రచయితకి తెలుసా అని చూస్తాను. పుస్తకంలో రాయనక్కర్లేదు, తెలిస్తే చాలు. తెలిసినవాళ్ళ వాక్యం వేరేగా ఉంటుంది. ఈ తూకంలో వీరాస్వామయ్య సగం నెగ్గుతాడు, ఎందుకంటే వెనకాల వచ్చేవాళ్ళని తలుచుకున్నాడు. దీక్షితులుగారు సగం నెగ్గుతారు, ఎందుకంటే కుర్రాడిచేత అడిగించారు. బషో ఇంకాస్త ఎక్కువ. నేను ఓడిపోయాను.

నవల రెండో ముద్రణకి వస్తోంది. దిద్దుబాట్లుంటే పంపమని ప్రచురణకర్త ఫోను చేశారు. పంతులమ్మకి ఫోను చేసి, "అమ్మాయ్, మా పిల్ల బస్సెక్కాక ఆ ముసలావిడ ఏం చేసి ఉంటుంది?" అని అడిగాను. ఏదైనా పెద్దమాట చెబుతుందేమోనని కాగితం కలం పట్టుకుని కూచున్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏముందండీ, రెండురోజులు పని పోయింది కదా. గిన్నె తోముకుని చేనుకి వెళ్ళిపోయి ఉంటుంది" అంది. తర్వాత, "మీరూ ఓసారి రండి. పగలొచ్చి పగలెళ్ళిపోతే మా అమ్మ ఒప్పుకోదు. రాత్రికి ఉండాలి" అంది.

వస్తానన్నాను. వెళ్ళేముందు వాళ్ళమ్మ పేరు అడిగి తెలుసుకున్నాను. అది ఇక్కడ రాయను. ముందు ఆవిడ నా పేరు కూడా తెలుసుకోవాలి కదా.